పిడికెడు బియ్యం రసీదులు

కిందటి నవంబరులో సమాధుల పండుగకు మా ఊరు వెళ్ళాను. హాలియాలో పొద్దున్నే బస్సెక్కి నల్లగొండ, నకిరేకల్ మీదుగా కేతేపల్లి చేరి, అక్కడి నుంచి ఆటోలో లోపలికి పోయేసరికి అమ్మ అప్పటికే నాయిన సమాధికి సున్నం వేయించి, బంతిపూలు గుచ్చి నా కోసం ఎదురు చూస్తోంది. గాలికి కొవ్వొత్తి నిలవడం లేదు. ఇటుక ముక్కలు అడ్డం పెట్టి వెలిగించాం. ఫాదర్ తీర్థం చల్లి వెళ్ళాక చర్చిలో పూజకు కూర్చున్నాం. పూజ చివర ఒక కుర్రాడు లేచి, ఫోన్ చూస్తూ చర్చి లెక్కలు చదివాడు. కానుకలింత, ఖర్చింత, నిల్వ ఇంత. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఎవరూ తల తిప్పి చూడలేదు. అమ్మ నా చెవి దగ్గరకు వంగి, "మీ నాయిన సదివితే అర్ధగంట పట్టేది," అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో విసుగుందో గర్వముందో నాకు తెలియలేదు. రెండూ ఉండి ఉంటాయి. ఆ అర్ధగంట మా ఇంటికి ఎంత ఖరీదైందో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

మా నాయిన చిన్నప్ప హైస్కూల్లో అటెండరు. మా విచారణ ఆర్థిక సంఘంలో కోశాధికారి కూడా. విచారణ అంటే మా చర్చి ఫాదర్ కిందికి వచ్చే ఇండ్లు, మా ఊరు, చుట్టుపక్కల పల్లెలు కలిపి రెండు వందలు. తాతల కాలంలో సెంటు భూమి లేని ఇండ్లు. నా కాలానికి కొందరికి ఎకరం, అరెకరం, కొందరికి చిన్న చిన్న సర్కారు కొలువులు, మిగిలినవాళ్ళకు కూలి. పగలంతా బడి గంట కొట్టే మనిషి సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, మేకుకు వేలాడే జపమాల తీసుకుని చర్చికి పోయేవాడు. ఆయన గొంతు పెద్దది కాదు. కానీ జపమాల మొదలుపెడితే ఆడవాళ్ళు వాకిళ్ళలో చేస్తున్న పని ఆపి వచ్చేవాళ్ళు. ప్రార్థనా, లెక్కలూ ఆయనకు ఒకే పనిలాగ ఉండేవి. రెండింటిలోనూ మధ్యలో మాట్లాడనిచ్చేవాడు కాదు.

ఇంట్లో అసలు పెత్తనం అవ్వది. నాయిన తల్లి, రోజమ్మ. వయసులో పటేల్ల ఇంట్లో వెట్టి చేసిన మనిషి. కొలిచి పోసిన జొన్నలే కూలి అనుకుని బతికిన మనిషి. పొయ్యి మీద ఎసరు పెట్టాక ఆమె బియ్యం డబ్బా మూత తీస్తే, పురుగు పట్టకుండా వేసిన ఎండు వేపాకు వాసన ఇల్లంతా తిరిగేది. అందరికీ సరిపడా కొలిచాక అందులోంచి ఒక పిడికెడు వెనక్కి తీసి, పక్కనున్న మట్టి ముంతలో పోసేది. అది గుడి బియ్యం. పూటకు పిడికెడు. ఇంట్లో బియ్యం అడుగంటిన రోజుల్లో కూడా ఆ పిడికెడు ఆగలేదు. పిడికిలి కాస్త చిన్నదయ్యేదంతే. ప్రతి ఇంట్లోనూ ఇదే పద్ధతి. శనివారం ముంతలన్నీ చర్చి వరండాకు వచ్చేవి. నాయిన కొలిచేవాడు, నేను రసీదు రాసేదాన్ని. రోజమ్మ, రెండు శేర్లు. మార్తమ్మ, శేరున్నర. ఆ బియ్యం అమ్మిన పైసలు, ఆదివారం కానుకలు, పెండ్లిళ్ళకూ బాప్తిస్మాలకూ ఇచ్చినవీ అన్నీ కలిపి చర్చి కప్పు కోసం దాస్తున్నారు. నెలకొకసారి నాయిన ఆ రసీదులన్నీ ఇంటింటి పేరు పెట్టి పీఠం ముందు నిలబడి చదివేవాడు. అరశేరు ఇచ్చిన పేరు కూడా వదిలేవాడు కాదు. అర్ధగంట అందుకే పట్టేది.

పెద్ద నోట్లు రద్దయిన ఏడాది అది. ఆ ఎండాకాలం కురిసిన రాళ్ళవానకు చర్చి సిమెంటు రేకులు పగిలిపోయాయి. వానాకాలమంతా కప్పు మీద టార్పాలిన్ కప్పుకుని పూజలు జరిపాం. స్లాబు వేయాలంటే ఆరు లక్షలు కావాలని మేస్త్రీ చెప్పాడు. మా దగ్గర లక్షా డెబ్బై వేలున్నాయి. మేస్త్రీకి బయానా ఇవ్వడానికి వాటిని బ్యాంకులోంచి తెచ్చి చర్చి బీరువాలో పెట్టారు. దసరా పోయాక స్లాబు కోసం తొమ్మిది రోజుల ప్రార్థన మొదలుపెట్టారు. అది ముగిసిన వారానికే నోట్లు చెల్లవన్నారు. బీరువాలో ఉన్నవన్నీ అవే నోట్లు. మా పైసలకు రసీదులున్నాయి కాబట్టి బ్యాంకులో కట్టుకోవచ్చు. నాయినకు ఆ భయం లేదు. భయం మరో దిక్కు నుంచి వచ్చింది.

మా మామ బాలస్వామి, అమ్మకు తమ్ముడు, ఆర్థిక సంఘంలో సభ్యుడే. ఊరి రైస్‌మిల్లులో గుమాస్తా. మంచివాడు. ఈ మాట ముందే చెప్పాలి. నా డిగ్రీ ఫీజు సగం ఆయనే కట్టేవాడు. ఒకరోజు సాయంత్రం చాయ్ తాగుతూ నాయినతో, "బావా, మన ప్రార్థనకు జవాబొచ్చింది," అన్నాడు. మిల్లు యజమానిని ఊరంతా మిల్లు పటేల్ అంటారు. ఆయన దగ్గర పది లక్షల పాత నోట్లున్నాయట. వాటిని చర్చి కానుకలని చెప్పి మా విచారణ ఖాతాలో వేయాలి. నాలుగు లక్షలు చర్చికి. మిగిలిన ఆరు లక్షలు ఇసుక, ఇటుక బిల్లుల పేరుతో మెల్లగా ఆయనకు వాపసు పోవాలి. రెండు వందల ఇండ్లు, ఇంటికి అయిదు వేలు. కిందటి నెలల తారీఖులతో రసీదులుంటే చాలు. ఖాతాలో ఫాదరుదీ నాయినదీ ఇద్దరి సంతకాలూ ఉండాలి.

నాయిన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఫాదర్ ఏమన్నడు?" అని అడిగాడు.

"నిన్ను అడుగమన్నడు."

మరునాడు నాయిన ఫాదర్ దగ్గరికి పోయి వచ్చాడు. ఫాదర్ వయసులో చిన్నవాడు, వేరే జిల్లా నుంచి వచ్చాడు. "చిన్నప్పగారూ, నేను చేయమని చెప్పను, వద్దనీ చెప్పను. మీరు ప్రార్థన చేసి చెప్పండి," అన్నాడట. ఆ మాట అమ్మతో చెబుతున్నప్పుడు నాయిన ముఖంలో ఉన్న అలసటను నేను అంతకు ముందు చూడలేదు. ఆ సాయంత్రం జపమాలలో పది పూసలకొకసారి చెప్పే దేవరహస్యాల వరస తప్పాడు. ముందు వరసలోని ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

మామ ఆగలేదు. బ్యాంకు గడువు దగ్గర పడుతోంది. "బావా, ఇంకో మాట గూడ ఉన్నది," అన్నాడు, ఈసారి చాయ్ ముట్టకుండా. "మనోళ్ళు పదకొండు మంది మిల్లుల హమాలీ చేస్తున్నరు. పటేల్ ఊకోడు. జర ఆలోచించు."

"బెదిరిస్తున్నవా?"

"నేను బెదిరిస్తనా బావా? ఉన్నది చెప్తున్న."

అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని కట్టెలు ఎగదోస్తూనే ఉంది. మంట బాగానే మండుతోంది. అటు తమ్ముడు, ఇటు మొగుడు. ఆమె ఎవరి దిక్కూ చూడలేదు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. ఆ శనివారం నాయిన బడిలో ఉన్నప్పుడు మామ వచ్చాడు. చేతిలో కొత్త రసీదు బుక్కులు, ఇండ్ల పేర్ల జాబితా. "కోడలా, నీ రాత మంచిగుంటది. రాసి పెట్టు. మీ నాయిన నాదాన్ మనిషి, లోకం తెల్వదు. రాసినయి కండ్ల ముందుంటే ఒప్పుకుంటడు. గుడి కోసమే గదా." నేను కాదనలేదు. నా ఫీజు గుర్తొచ్చింది. టార్పాలిన్ మీంచి కారే నీళ్ళూ గుర్తొచ్చాయి. నిజం చెప్పాలంటే, నాలుగు లక్షలు వస్తుంటే నాయిన ఎందుకింత నాన్చుతున్నాడని నాకు కోపంగా కూడా ఉంది. అరుగు మీద కూర్చుని రాయడం మొదలుపెట్టాను. మామ పేరు చదువుతున్నాడు, నేను అయిదు వేలు అని రాస్తున్నాను. కార్బన్ కాగితం మసి వేళ్ళకు అంటుకుంటోంది. ముప్పై ఎనిమిది రాశాను.

అవ్వ చేటలో బియ్యం చెరుగుతూ ఎప్పటి నుంచి చూస్తోందో తెలియదు. ఆమెకు చదువు రాదు. "ఎవలెవలవి రాస్తున్నవ్ బిడ్డా?" అంది.

"అందరివీ అవ్వా. గుడి స్లాబుకు ఇచ్చినట్టు."

"నాది గూడ రాసినవా?"

"రాసిన. నీ పేరు మీద అయిదు వేలు."

అవ్వ చేట కింద పెట్టింది. "నేను అయిదు వేలు ఎన్నడిచ్చిన? నా జిందగీల అయిదు వేలు ఒక్కదగ్గర చూడలే. నేనిచ్చింది పిడికెడు బియ్యం. గది రాయి."

మామ నవ్వబోయాడు. "అత్తా, గిది ఉత్త కాగితమే..."

"ఉత్త కాగితమైతే నా పేరెందుకు?" అంది అవ్వ. ఆమె అరవలేదు. "బాలస్వామీ, పటేల్ల ఇంట్ల నేను పన్జేసిన్నాడు గిట్లనే రాస్తుండె. తీసుకోని జొన్నలు తీసుకున్నట్టు. నాకు సదువు రాదని. గిప్పుడు సదువుకున్న నా మనుమరాలు రాస్తాంది."

నేను పెన్ను మూయలేకపోయాను, రాయలేకపోయాను. అలాగే కూర్చున్నాను. నాయిన బడి నుంచి వచ్చేసరికి మామ వెళ్ళిపోయాడు, బుక్కులు నా ఒళ్ళోనే ఉన్నాయి. కొడతాడనుకున్నాను. ఆయన బుక్కు తీసుకుని ఒక్కొక్క రసీదూ చదివాడు. ఆ తర్వాత నా పక్కనే కూర్చుని, నా పెన్నుతోనే, ప్రతి రసీదు మీదా అడ్డగీత గీసి 'రద్దు' అని రాసి సంతకం పెట్టాడు. ముప్పై ఎనిమిది సార్లు. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. అంతకంటే కొట్టినా బాగుండేది.

మరునాడు ఆదివారం. పూజ చివర లెక్కలు చదివేటప్పుడు, "ముప్పై ఎనిమిది రసీదులు రద్దయినయి," అన్నాడు నాయిన. "తప్పు మా ఇంట్లదే. మనం ఇయ్యని పైసలు మన పేరు మీద రాసుడు జరిగింది. నేను కోశాధికారిగ ఉన్నన్ని దినాలు గది కాదు." నా పేరు చెప్పలేదు. నేను తలెత్తలేదు. మామ లేచి నిలబడి పటేల్ మాటంతా అందరి ముందూ చెప్పేశాడు. నాలుగు లక్షలని విన్నాక చర్చి అంతా ఒక్కసారి గోలగోలైంది. పీఠం దగ్గరే గొడవ. ఎవరో నాయినను, "నువ్వు దొడ్డోనివి, మేం దొంగలం!" అన్నారు. చివరకు ఫాదర్ మైకు తీసుకుని, "ఈ మాట నేను మొదటిరోజే చెప్పాల్సింది. ఆ డబ్బు మనకు వద్దు. భారం చిన్నప్పగారి మీద వేసి నేను తప్పించుకున్నాను," అన్నాడు. జనం లేచి వెళ్ళిపోయారు.

బుధవారం మిల్లులో మావాళ్ళు పదకొండు మందినీ పనిలోంచి తీసేశారు. వరి కోతల కాలం, ఏడాది మొత్తంలో హమాలీకి నాలుగు రాళ్ళు దొరికే నెల అది. బయట ఎక్కడా పని లేదు. నోట్లు లేక కూలి ఇచ్చేవాళ్ళు కూడా పనులు ఆపేసుకున్నారు. సాయంత్రం జపమాలకు ముందులాగ యాభై అరవై మంది కాదు, నలుగురు వచ్చారు. అందులో ముగ్గురం మా ఇంటివాళ్ళమే. నాయిన ఆ నలుగురికీ మొత్తం యాభై మూడు పూసలూ చెప్పాడు. తిరిగి వస్తుంటే బోరింగు దగ్గర మార్తమ్మ ఎదురొచ్చింది. ఆమె మొగుడు ఇన్నయ్యను కూడా తీసేశారు. బిందె కింద పడేసి, దారికడ్డంగా నిలబడింది.

"ఏం చిన్నప్పన్నా, ప్రార్థన అయిపోయిందా? నీ నీతి మా పొయ్యిల పెట్టుకుంటమా? నీకు నెల కాంగనే జీతం పడ్తది. మా పిల్లలు ఏం తినాలె?"

నాయిన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

రెండు రోజుల తర్వాత ఫాదర్‌తో మాట్లాడి వచ్చి ఒక సంగతి చెప్పాడు. స్లాబు పైసలు లక్షా డెబ్బై వేలు బ్యాంకులో కట్టేశారు. వాటితో ఆ పదకొండు ఇండ్లకూ బియ్యం, పప్పు, నూనె ఇప్పిస్తారు. నగదు దొరకడం లేదు కాబట్టి నకిరేకల్‌లో ఒక దుకాణదారు చెక్కు తీసుకోవడానికి ఒప్పుకున్నాడు. అయితే ఒక షరతు నాయినే పెట్టుకున్నాడు. స్లాబు కోసమని ఇచ్చిన పైసలు, ఇచ్చినవాళ్ళను అడగకుండా వేరే పనికి ముట్టకూడదు. రెండు వందల ఇండ్లూ తిరిగి అడగాలి. "తెరేజా, బుక్కులు పట్టుకో," అన్నాడు నాతో. శనివారం తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అది.

ఆ వారమంతా బడి విడిచాక చీకటి పడేదాకా తిరిగాం. నేను రసీదు తీసి పేరూ, అంకె చదివేదాన్ని. నాయిన సంగతి చెప్పేవాడు. చాలామంది వినకముందే సరే అనేవాళ్ళు, కొందరు తలుపు దగ్గరికే రానిచ్చేవాళ్ళు కాదు. రాయప్ప తాత మాత్రం, "గుడికిచ్చింది గుడికే. కడుపుకు వేరే చూసుకోండ్రి," అన్నాడు. నాయిన ఆయనతో వాదించలేదు. ఆయన పేరు పక్కన ఒప్పుకోలేదని రాయించి, ఆయన అయిదు వందలు స్లాబు కిందనే ఉంచాడు. మామ ఇంటికి కూడా పోయాం. మామ గడప దాటి రాలేదు. "నేను గుడికి నిజంగ ఇచ్చిన అయిదు వేలు ముట్టకు బావా. పదకొండు మందిని రోడ్డు మీదికి తెచ్చింది నువ్వు. నీ జీతంతోని సాదు," అన్నాడు. నాయిన, "సాదుత," అన్నాడు. ఆ నెల జీతం సగం నిజంగానే ఆ దుకాణానికి పోయింది. మామ ఇంటి నుంచి తిరిగొచ్చిన రోజు నుంచి క్రిస్మస్ దాకా అమ్మ మా ఇద్దరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

మార్తమ్మ ఇల్లు చివరికి మిగిలింది. నాయిన కావాలనే చివరికి పెట్టుకున్నాడని నాకు అనుమానం. మమ్మల్ని చూసి ఆమె తలుపు మూసుకుంది. నాయిన వాకిట్లో నిలబడి, మూసిన తలుపుతో మాట్లాడినట్టు మాట్లాడాడు. "మార్తమ్మా, నీయి పిడికెడు బియ్యం మీద మూడు వందల పదిహేను రూపాయలున్నయి. నీ పైసలు నిన్ను అడుగకుంట ముట్టను." లోపల చప్పుడు లేదు. పక్కింటి కోడి మా కాళ్ళ మధ్య తిరిగి వెళ్ళింది. నేను పోదామన్నట్టు నాయిన చొక్కా లాగాను, ఆయన కదల్లేదు. ఎంతసేపు నిలబడ్డామో. చివరకు తలుపు తెరుచుకుంది. మార్తమ్మ కండ్లు ఎర్రగా ఉన్నాయి.

"మా ఆకలికి మా పైసలే అడుగ వస్తివా?" అంది. తిట్టినట్టే అంది గానీ, పెదవి చివర నవ్వు వచ్చి పోయింది. ఆ తర్వాత నా చేతిలోని కాగితం దిక్కు చూసి, "ఎన్ని ఇండ్లు రాసినవ్ బిడ్డా?" అని అడిగింది.

"పదకొండు."

"పన్నెండు రాయి. ఎల్లవ్వ కొడుకును గూడ తీసేసిండ్రు. మావోనితోని కలిసి పటేల్‌ను అడగవోయిండని. గాయన మన గుడోడు కాదని మీ లెక్కల రాలేదు. ఆమె ఇంట్ల రెండు దినాల సంది పొయ్యి మండలే."

నాయిన నన్ను చూశాడు. నేను పన్నెండు అని రాశాను. మార్తమ్మ కాగితం మీద వేలిముద్ర వేసి, బొటనవేలి సిరాను పైట కొంగుకు తుడుచుకుంది.

సంక్రాంతి దాటాక మిల్లులో బస్తాలు పేరుకుపోయి, ఆడించడానికి మనుషులు చాలక పటేలే కబురు పెట్టాడు. తొమ్మిది మందిని మళ్ళీ తీసుకున్నాడు. ముగ్గురు పోలేదు. ఎల్లవ్వ కొడుకు అందులో ఒకడు, హైదరాబాదులో కిరాయి ఆటో పట్టాడు. స్లాబు మాత్రం మరో అయిదేళ్ళకు గానీ పడలేదు. ఆ అయిదేళ్ళూ వానొస్తే చర్చిలో కుర్చీలు జరుపుకుంటూ ప్రార్థన చేశాం. మామ మా ఇంటి గడప మళ్ళీ తొక్కలేదు. నా చివరి ఏడాది ఫీజు అమ్మ కమ్మలు అమ్మి కట్టింది. ఇప్పుడు హాలియాలో పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. మా విచారణలో ఇప్పుడు పద్ధతులన్నీ బాగున్నాయి. ఆడిటరు వస్తాడు, కాగితాలు అన్నీ సరిగ్గా ఉంటాయి, ఎవరి మీదా ఎవరికీ అనుమానం లేదు. కానీ ఆ కాగితాల్లో ఎవరి పేరూ వినబడదు. అప్పటి తగాదాలు నాకు అక్కర్లేదు, ఆ నెల మళ్ళీ ఎవరి ఇంటికీ రాకూడదు. అయినా అరశేరు ఇచ్చిన మనిషి తన పేరు కోసం అర్ధగంట చెవులు రిక్కించి కూర్చోవడం నేను చూశాను. దాన్ని ఏ లెక్కలో వేయాలో నాకు తెలియదు.

నాయిన చివరి రోజులు నల్లగొండ దవాఖానలో గడిచాయి. ఒక మధ్యాహ్నం వార్డులో ఫ్యాను తిరగడం లేదు. నేను అట్టతో విసురుతున్నాను. ఎన్నాళ్ళ నుంచో అడగాలనుకున్నది అడిగాను. "నాయినా, గప్పుడు నువ్వు చేసింది కరెక్టేనా?"

ఆయన కిటికీ దిక్కు చూస్తూ మెల్లగా అన్నాడు. "తెల్వది బిడ్డా. పటేల్ పైసలు గుడి ఖాతాల ఏసే కాగితం మీద నేను గూడ సంతకం పెట్టిన. శుక్రవారమే. మీ అమ్మకు గూడ తెల్వది. శనివారం నీ ఒళ్ళె బుక్కులు చూసినంక చింపేసిన."

నా చేయి ఆగిపోయింది. ఆయన నా ముఖం చూడలేదు.

"తర్వాత రెండు వారాలు నాకు ప్రార్థన రాలే. నోరు చెప్పింది గానీ మనసు చెప్పలే. పదకొండు ఇండ్లే కండ్లల్ల తిరిగేది. గా మార్తమ్మ తలుపు తీసి పన్నెండు అని చెప్పింది సూడు, గప్పుడొచ్చింది మళ్ళ."

కొంచెంసేపు కండ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను. మళ్ళీ తెరిచి, బల్ల మీద మూత పెట్టి ఉన్న నా టిఫిన్ డబ్బా దిక్కు చూసి, "నువ్వు తిన్నవా?" అని అడిగాడు.